కుర్చీల మాస్టారు

మా కాలేజీలో పరిశోధన పత్రాలు రాయించే మాస్టారికి ఒకటే పిచ్చి. విద్యార్థి తన పత్రంలో ఎవరి మాట వాడుకున్నా, ఆ మాట అన్న మనిషికి సెమినార్ గదిలో ఒక కుర్చీ వెయ్యాల్సిందే. ఆ మనిషి ఏ సముద్రాల అవతల ఉన్నా సరే, పోయి తరాలు గడిచినా సరే. వాళ్ళలో చాలామంది పోయినవాళ్ళే కావడం మా ప్రాణం మీదికి వచ్చింది.

నేను పక్క గదిలో లెక్కలు చెప్పేవాణ్ణి. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. నమ్మకం లేనివాడు భయపడకూడదని మాత్రం ఎక్కడా లేదు. ఆ సెమినార్ గది వరండా చివర ఉండేది, పట్టపగలు కూడా లైటు వేస్తే గానీ గోడ కనిపించేది కాదు. ఆ లైటైనా వెలగాలా వద్దా అని కాసేపు ఆలోచించుకునేది. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం లోపలికెళ్ళి, దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడబోయాను.

"అయ్యయ్యో, అక్కడ కాదండీ! ఆవిడ కూర్చున్నారు," అన్నారు మాస్టారు.

అదిరిపడి పక్కకి గెంతాను. "ఎవరండీ?"

"వరదల మీద పుస్తకం రాసినావిడ. పోయి చాలా కాలమైంది. నెమ్మదస్తురాలు, ఏమీ అనుకోరులెండి," అని నాకు చెప్పి, కుర్చీ వైపు తిరిగి, "కొత్తవారు, క్షమించండి," అన్నారు.

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్కడెవరూ ఆనుకుని లేరు కదా అని అడిగి మరీ ఆనుకున్నాను.

మా విద్యార్థుల్లో ఒకణ్ణి ఎత్తిపోతల వీరుడనేవాళ్ళం. పుస్తకాల్లోంచి పేరాలకి పేరాలు ఎత్తి తన పత్రంలో పోసేసేవాడు. వాడు గడగడా చదువుతుంటే మాస్టారు పల్లెత్తు మాట అనలేదు. లేచి వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి వేశారు. వాడు పేరా మార్చాడు. ఇంకో కుర్చీ వచ్చింది. ప్రతి కుర్చీనీ కాస్త వెనక్కి లాగి, ఎవరో కూర్చునేదాకా ఆగి, మెల్లిగా ముందుకు జరిపేవారు. కుర్చీలు చుట్టూ మూసుకొస్తున్నకొద్దీ వాడి గొంతు సన్నబడింది.

"రెండు మాటలు మార్చాను కదా సార్," అన్నాడు ఏడుపు గొంతుతో.

"చొక్కా మార్చావు నాయనా, మనిషి ఆయనే. ఇదిగో, నిన్నే చూస్తున్నారు. సరే, ఇంతమంది మాట్లాడారు. మరి ఇందులో నీ కుర్చీ ఏది?"

వాడు వెతికాడు. నిజంగానే వెతికాడు, పాపం. ఆ తర్వాత మొత్తం సొంత మాటల్లో తిరగరాశాడు. అరువు తెచ్చిన ఒక్క వాక్యం పక్కన మాత్రం అది ఎవరిదో వాళ్ళ పేరు బుద్ధిగా రాసి, పైన "గారు" కూడా తగిలించాడు.

అసలు చిక్కు గుసగుస దగ్గర వచ్చింది. అది ఒక అమ్మాయికి మేం పెట్టుకున్న పేరు. నేత మిల్లుల మోతకి పనివాళ్ళ చెవులు ఎలా పోతాయన్నది ఆమె అంశం. బాగా రాసేది, కానీ నలుగురిలో నిలబడితే మాట పెదవి దాటేది కాదు. సెమినార్ ఇవ్వలేక అప్పటికే ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే డిగ్రీ పోతుంది, చెవి ఆసుపత్రిలో ఇస్తామన్న ఉద్యోగమూ పోతుంది.

సాయంత్రాలు గోడ అవతల నుంచి వాళ్ళ సాధన వినపడేది.

"డాక్టరమ్మగారికి వినపడ్డం లేదటమ్మా."

ఏదో గొణుగుడు.

"నేలకి చెప్పకు తల్లీ, నేల పుస్తకాలు రాయలేదు. ఆవిడ వంక చూడు."

ఆ డాక్టరమ్మ మిల్లు పనివాళ్ళ చెవుల గురించి పుస్తకం రాసినావిడ. ఎప్పుడో పోయారు. నాకు చలేసి కిటికీ మూశాను. చలి తగ్గలేదు.

ఒకరోజు మాస్టారు అడగడం విన్నాను. "మగ్గాల మోతలో ఆడవాళ్ళు గొంతు వాడకుండా పెదాలతోనే మాట్లాడుకుంటారని రాశావు. ఇదెవరి మాట?"

"ఎవరిదీ కాదు సార్. మా అమ్మ చెప్పింది. అమ్మకి చెవులు పోయాయి. ఇంట్లో మేమూ అలాగే మాట్లాడుకుంటాం."

"అమ్మ ఎవరూ కాకుండా ఎలా పోతుందే? ఆవిడ పేరూ రాయాలి, ఆవిడకీ కుర్చీ వెయ్యాలి."

సెమినార్ రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ తను నవ్వితే ఎవరైనా జరిమానా వేస్తారేమో అన్నట్టుండే మనిషి. ముందు వరసలో ఖాళీ కుర్చీలు చూసి, "ఇవెందుకు?" అన్నాడు. మేమంతా మాస్టారి వంక చూశాం. గుసగుస లేచింది. పెదాలు కదిలాయి, శబ్దం లేదు. ఆయన పెన్ను మూత తీశాడు. మాస్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అంతలో తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. జుట్టు నిండా తెల్లటి దూది నూగుతో ఒకావిడ వచ్చి, వరస చివర, గోడకీ డాక్టరమ్మ కుర్చీకీ మధ్య ఉన్న ఖాళీ కుర్చీలో కూర్చుంది. నేను గోడకి ఇంకాస్త అతుక్కున్నాను. ఇన్నాళ్ళకి నిజంగానే ఒకరు వచ్చేశారనుకున్నాను.

"అమ్మా!" అంది గుసగుస.

అమ్మకి అర్థం కావాలంటే తల ఎత్తాలి, నోరు బాగా తెరవాలి, ఒక్కో మాటా విడదీసి పలకాలి. ఆ పిల్ల అలాగే మొదలుపెట్టింది. అంత నోరు తెరిచాక గొంతు ఇంక లోపల దాక్కోలేకపోయింది. వరండాలోకి కూడా వినపడింది.

"ఈ పెదాల మాటల సంగతి నీకెక్కడ దొరికింది?" అన్నాడు ఎగ్జామినర్.

"మా అమ్మ దగ్గర సార్. పత్రంలో పేరు రాశాను. ఆవిడే," అని చూపించింది.

ఆయన సగం లేచి నమస్కారం పెట్టాడు, నవ్వాడు కూడా. గుసగుస గట్టెక్కింది.

వరండాలో మాస్టారిని పట్టుకున్నాను. "ఆవిణ్ణి మీరే రప్పించారు కదూ?"

"మిల్లుకెళ్ళి సూపర్‌వైజర్ని బతిమాలుకున్నానండీ. ఆవిడ ఆలస్యం చేసేసరికి నా పై ప్రాణం పైనే పోయింది."

"మరి తక్కిన కుర్చీల వాళ్ళు? నిజం చెప్పండి."

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "ఎవరూ లేరండీ. నేను తప్పు పడితే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. డాక్టరమ్మగారికి వినపడలేదంటే మళ్ళీ చెబుతారు. అదీగాక, నాకు తిట్టడం చేతకాదు."

ఇన్నాళ్ళూ నన్ను గోడకి అతికించింది ఈ మెత్తదనమా అని కోపం వచ్చింది. ఆ మనిషి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

అప్పుడే తల్లీకూతుళ్ళు బయటికొచ్చారు. అమ్మ పెదాలు కదిపింది, కూతురు మాకు చెప్పింది.

"అమ్మ మీకు థాంక్స్ చెప్పమంటోంది సార్. పక్క కుర్చీలో పెద్దావిడకి కూడా చెప్పమంటోంది. అమ్మ కంగారు పడుతుంటే, 'భయపడకమ్మా, మీ అమ్మాయి బాగా చెబుతోంది' అన్నారట. ఆవిడ పెదాలు చక్కగా కదుపుతారట, ఒక్క మాటా పొల్లుపోలేదట."

మాస్టారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నేను కాదండీ, ఒట్టు!"

తర్వాత గొంతు సవరించుకుని, గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి చూడకుండా, "చాలా థాంక్సండీ డాక్టరమ్మగారూ," అని చెప్పి, నాకన్నా ముందు మెట్లు దిగిపోయారు.