నలభై దాటని ముల్లు

మా అక్క మొగుడు, అంటే మా బావ, కారు నడుపుతూ మీటరు అద్దాన్ని గోటితో టకటకా కొట్టేవాడు. "చూడత్తా, నలభయ్యే" అనేవాడు. ముల్లు నలభై దాటితే నడిరోడ్డు మీదైనా దిగిపోతానని మా అమ్మ ఒట్టు పెట్టుకుంది మరి. అత్తకు ఎదురు చెప్పలేక బావ జుగ్సలాయిలో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, పెద్ద చక్రాలు తెచ్చి కారుకు బిగించాడు. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి ముల్లుకు తెలియదు. అది నలభై అంటుంటే బండి యాభైలో ఉంటుంది. కదలడానికి మూలిగేది గాని, కదిలాక ఆగేది కాదు.

ఆ సాయంత్రం ఘాట్‌శిలలో చుట్టాలింటి నుంచి ఆలస్యంగా బయలుదేరాం. టాటానగర్‌లో విజయనగరం రైలు తప్పితే అమ్మకు మేనకోడలి పెళ్ళి తప్పినట్టే.

"చెట్లేటి బాబూ, ఇలా ఎనక్కి పరిగెడతన్నాయి?" అంది అమ్మ.

బావ అద్దాన్ని కొట్టాడు. "బిల్కుల్ నలభయ్యే అత్తా. తొందర చెట్లకే."

నేను వెనక సీట్లో నవ్వాపుకోలేక పచ్చళ్ళ సంచిలో తల దూర్చాను. మేం దాటిపోయిన లారీ డ్రైవరు మాకు దండం పెట్టాడని ఇప్పటికీ చెబుతాను.

ఆ చక్రాలతో స్టీరింగు మహా బరువు. ప్రతి మలుపులోనూ బావ రుబ్బురోలు పొత్రం తిప్పినట్టు తిప్పాడు. గార్డు ఈల వేస్తుండగా అమ్మను రైలెక్కించాం. ట్రంకుపెట్టె అందిస్తుంటే బావ చేతులు గడగడా వణికాయి.

అమ్మ కిటికీలోంచి జాలిగా చూసింది.

"నలభైకే ఇలా వణికిపోతన్నావు. రేపట్నించి ముప్ఫైలో నడుపు బాబూ."