కంటి వార్డులో ఆగిపోయిన వాచీ

1968 వేసవిలో నన్ను తెనాలి నుంచి బాపట్లలోని ఒక ఆసుపత్రికి స్టాఫ్ నర్సుగా బదిలీ చేసి, మగవాళ్ల కంటి వార్డులో వేశారు. స్టాఫ్ నర్సు పైన వార్డు సిస్టర్, ఆ పైన మేట్రన్. మా వార్డు సిస్టర్ రత్నమ్మ గారు. ఆపరేషన్‌లో సగం డాక్టరు గారు చేస్తారనీ, మిగతా సగం రోగి కదలకుండా పడుకుని చేసుకోవాలనీ కొత్తవాళ్లకు ఆవిడ మొదటి రోజే చెప్పేవారు.

అది నిజమే. ఆ రోజుల్లో శుక్లం తీశాక రెండు కళ్లకూ కట్టు కట్టి, తల తిరగకుండా రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టేవాళ్లం. గట్టిగా దగ్గినా, ఉలిక్కిపడి లేచినా కుట్టు తెగి కంటి లోపలి పొర బయటికి రావచ్చు. అప్పుడిక చూపు దక్కడం కష్టం.

ఆ ఏడు బళ్లు తెరిచాక మా వార్డులో చేరిన వెంకటప్పయ్య గారిది కర్లపాలెం. రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. ఒక కన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది. ఇప్పుడు శుక్లం తీసింది ఉన్న ఒక్క కంటికి. మనిషి నెమ్మదస్తుడే కానీ, కట్టు కింది చీకటిని ఓర్చుకున్నంతగా వార్డులోని నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేకపోయారు.

“చప్పుడు ఆగిందంటే మిల్లులో ఏదో చెడిందనేగా అమ్మాయ్. ఇక్కడంతా చెడిపోయినట్టుంది నాకు,” అన్నారు ఆపరేషన్ అయిన రోజున.

మగవాళ్ల వార్డులో ఆడవాళ్లను ఉండనిచ్చేవారు కాదు. ఆయన భార్య సీతమ్మ గారు ప్రాథమిక పాఠశాలలో టీచరు. సాయంత్రం చూడనిచ్చే వేళకు వచ్చి వెళ్లేవారు. మొదటి సాయంత్రమే ఆయన అవస్థ చూసి, తన చేతి వాచీ విప్పి చెవి పక్కన దిండు మీద పెట్టారు.

“ఇది వింటా పడుకోండి. నేను పక్కనే కూర్చున్నాననుకోండి,” అన్నారు.

ఆయన కుదుటపడ్డారు. పొద్దున్నే దానికి కీ ఇవ్వడం నా పని.

ఒక ఆదివారం మధ్యాహ్నం మందులు పంచుతుంటే ఆయన మంచం కిర్రుమంది. చూసేసరికి ఒక ఇసుక సంచి కింద పడి ఉంది. ఆయన మోచేతి మీద లేవబోతున్నారు. పరుగున వెళ్లి నుదుటి మీద చెయ్యి ఆనించి పడుకోబెట్టాను.

“వాచీ ఆగిపోయిందమ్మా. ఆవిడకేమన్నా అయిందేమో,” అన్నారు. అది అర్థం లేని మాటని ఆయనకూ తెలుసు. అయినా చెయ్యి దిండు మీద వాచీ కోసం తడుముతూనే ఉంది.

నా వాచీ విప్పి చెవి దగ్గర పెట్టాను. క్షణం విని, “ఇది అది కాదు,” అన్నారు. ఇంజన్ల మధ్య బతికిన చెవి. ఆదివారం కాబట్టి ఊళ్లో వాచీ రిపేరు కొట్లు మూసి ఉన్నాయి. సీతమ్మ గారు రావడానికి చాలా పొద్దుంది. కీ తిప్పి చూస్తే బిగుతుగానే ఉంది. అంటే కీ చాలక ఆగింది కాదు, లోపల ఏదో అడ్డుపడింది.

తెనాలిలో ఉన్నప్పుడు నా వాచీ బాగుచేయించుకుంటూ, మూత ఎలా తీస్తారో దగ్గర కూర్చుని చూశాను. చూడటమే తప్ప నా చేత్తో తీసింది లేదు. సిస్టర్‌ని అడిగితే కాసేపు ఆలోచించి, ఆయన ఒప్పుకుంటే తన ఎదురుగా తియ్యమన్నారు. లోపల దేన్నీ ముట్టుకోవద్దన్నారు.

“మూత తీసి చూడమంటారా బాబాయి గారూ? నాకిది కొత్తండి.”

“తియ్యమ్మా. బలం పెట్టకు, పాడవుద్ది. ఏం చేస్తన్నావో చెప్తా చెయ్యి.”

చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని, ఆయన మంచం పక్కనే స్టూలు వేసుకున్నాను. ఏదన్నా రాలినా పోకుండా ట్రేలో తెల్లబట్ట పరిచాను.

“పట్టీ తీశానండి. వెనక వైపు చూస్తున్నాను. అంచు చుట్టూ గాట్లుంటే మర మూత, తిప్పి తియ్యాలి. దీనికి లేవండి. ఇది నొక్కుడు మూత.”

“మరైతే సందెక్కడుంది?”

“గోటితో తడుముతున్నాను. ఇదిగో, కీ పిడి పక్కనే చిన్న పెదవిలాంటిది తగిలింది.”

బ్లేడుతో తీస్తే జారి చెయ్యి తెగుతుంది, విరిగి ముక్క లోపల పడుతుంది. అందుకని లేపనం కలిపే మొద్దు కత్తి తెప్పించి, కొస మాత్రమే బయటికి కనబడేలా ప్లాస్టరు చుట్టాను. వాచీని గుడ్డలో పట్టుకుని, కత్తి దారికి వేళ్లు అడ్డం లేకుండా చూసుకుని, కొసను పెదవి కింద ఆనించాను. లోపలికి పొడవకుండా మెల్లగా పక్కకు తిప్పాను. రాలేదు. ఇంకోసారి తిప్పాను. టక్‌మని లేచింది.

“వచ్చింది,” అన్నారాయన, నేను చెప్పకముందే.

అటూ ఇటూ ఊగాల్సిన చిన్న చక్రం అంచున దూదిపోగు ఒకటి చిక్కుకుని ఉంది. నోటితో ఊదితే తడి చేరుతుంది. చెవులు శుభ్రం చేసే రబ్బరు బుడ్డి కొత్తది, పొడిది తీసుకుని దూరం నుంచి గాలి కొట్టాను. మూడోసారికి పోగు ఎగిరిపోయింది. చక్రం కదిలింది. రత్నమ్మ గారు నా భుజం మీద చెయ్యి వేశారు.

మూత అంచులో పిడి కోసం ఉన్న నొక్కును సరిగ్గా పిడి దగ్గరికి వచ్చేలా పెట్టి, అద్దం మీద బరువు పడకుండా మడత తువ్వాలు మీద వాచీని ఆనించి, రెండు బొటనవేళ్లతో సమంగా నొక్కాను. చెవి పక్కన పెడితే, “ఇది అదే,” అన్నారు వెంకటప్పయ్య గారు. కట్టు తడుస్తుంది, ఏడవొద్దని సిస్టర్ మందలించారు.

సాయంత్రం సీతమ్మ గారికి సంగతంతా చెప్పి క్షమించమన్నాను. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, “నాకేమవుద్దండీ, బడికెళ్లి రావటం తప్ప,” అని మాత్రం అన్నారు.

కట్టు విప్పిన రోజున డాక్టరు గారు కంటి ముందు మందపాటి అద్దం ఒకటి పెట్టారు. వెంకటప్పయ్య గారు భార్యను పరీక్షగా చూసి, “ఏంటి, ఇంత చిక్కిపోయావు?” అన్నారు.

తర్వాత నాకు అర్థమైంది ఒకటుంది. మూత తీస్తున్నంతసేపూ ఆయన తలకు ఒక పక్కన ఇసుక సంచి లేదు. పడిపోయినదాన్ని మళ్లీ పెట్టడం సిస్టరూ నేనూ ఇద్దరం మరిచాం. అయినా ఆయన తల వెంట్రుకవాసి కదల్లేదు. నేను చెప్పే ప్రతి మాటా వింటూ పడుకున్నారు. వార్డు సిస్టర్‌నయ్యాక నా కింది నర్సులకు ఇదే నేర్పాను. కళ్లు కట్టి ఉన్న మనిషికి కదలొద్దని ఆజ్ఞ ఇస్తే చాలదు. చేస్తున్న పనిని ముందుగా, ఒక్కొక్కటిగా చెబుతూ చెయ్యాలి.