కెంచార్లహళ్ళి నేల తాగిన నీళ్లు

2023 వేసవి. చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి దగ్గర ఒక మల్బరీ తోట, దాని నడుమ సగం కట్టిన ఇల్లు. సెప్టిక్ ట్యాంకు నీరు ఇంకడానికి అక్కడి నేల పనికొస్తుందో లేదో చెప్పమని నన్ను పిలిచారు. ఈ పరీక్షను పర్కొలేషన్ టెస్ట్ అంటాం. గుంత తవ్వి, నీళ్లు పోసి, స్కేలు నిలబెట్టి, మట్టం ఎంతసేపట్లో ఎంత దిగిందో రాసుకోవడమే. చూసేవాళ్లకు పనిలేనివాడు నీళ్లలోకి చూస్తూ కూర్చున్నట్టుంటుంది. నాకీ వృత్తి నచ్చిందే అందుకు.

ఇంటావిడ లక్ష్మీదేవమ్మ. ఆమె మామ నారాయణప్ప చెంబు పట్టుకుని బయలుకని గట్టు దాకా నడిచి ఒకసారి పడ్డాడు. ఆయన గది పక్కనే కక్కసు కట్టించాలని ఆమె పట్టుదల. సోక్ పిట్, అంటే ట్యాంకు నీరు ఇంకే గుంత, ఏమీ పండని వెనక మూలలోనే రావాలి, మల్బరీ జోలికి పోకూడదంది.

పద్ధతి ప్రకారం గుంతను ఒక రోజంతా నానబెట్టి, మర్నాడు కొలవాలి. బోరు నీళ్లు తోటకే చాలడం లేదు, రెండు రోజులు యాడ తెచ్చేదని ఆమె బేరం మొదలుపెట్టింది. నేను పెరిగింది చింతామణిలో, మా నాన్న కిరాణా దుకాణంలో. బేరం వినబడితే ఊరుకోలేను. కాసేపు బెట్టు చేసి, నానబెట్టడాన్ని కొసరు కింద వదిలేశాను. నాకూ ఒక రోజు కలిసొస్తుందన్న సంగతి మొహంలో కనిపించనివ్వలేదు.

వెనక మూలలో గుంత తవ్వి నీళ్లు పోశాం. గుంతలో చిన్న ఆకాశం ముక్క, దాని మీద ఒక కొమ్మ నీడ. రెండూ కలిసి మెల్లగా లోపలికి దిగిపోతున్నాయి. పట్టుపురుగుల ఇంట్లోంచి ఆకు మేస్తున్న చప్పుడు, ఎక్కడో సన్నటి వాన పడుతున్నట్టు. నా కళ్లు మూతలు పడుతుంటే స్కేలు మీది అంకెలు కూడా నీళ్లతో పాటు మునుగుతున్నట్టనిపించింది. మంచి నేల అని రాయబోయాను.

నారాయణప్ప కర్ర ఊతంతో వచ్చి పక్కన కూర్చున్నాడు. ఏం రాస్తున్నావని అడిగితే చెప్పాను.

"ఇది బంకమన్నప్పా. ఎండకు బీటలిచ్చి ఉండాది. మొదటి తడి ఎంత కట్టినా తాగేస్తాది. రెండో తడికి కదలదు. రేపు పోసి చూడు."

నానబెట్టమని పద్ధతి చెప్పేది ఆ బీటలు మూసుకోవాలనే. తెలిసీ వదిలేసిన నాకు ఆయన మొహం చూడాలంటే సిగ్గేసింది. పశువుల తొట్టిలోంచి బిందెలతో మోసి సాయంత్రం దాకా పోశాను.

మర్నాడు నీళ్లు నిలిచే ఉన్నాయి. గంటసేపు చూశాను. ఆకాశం ముక్క వెంట్రుకవాసి కూడా దిగలేదు. అక్కడ పిట్ కడితే వానాకాలం మురుగంతా ఆయన గుమ్మం ముందుకే పొంగుతుంది.

ఆ రోజే వంటింటి వైపు మల్బరీలో రెండో గుంత తవ్వి నానబెట్టాం. అది ఎర్రమన్ను. మూడో రోజు కొలిస్తే నీళ్లు నిదానంగా, ఒకే తీరులో దిగాయి. నేల బాగుంది, ఈ వేగానికి తగ్గ పిట్ పట్టాలంటే మూడు సాళ్ల మల్బరీ తీసేయాలని చెప్పాను.

"నా కోసరం ఆకు పీకేది వద్దు," అన్నాడు నారాయణప్ప. "నేను గట్టు దాకా నడిచి పోతాను."

లక్ష్మీదేవమ్మ చంకలోని ఆకు గంప దించలేదు. "పోతావులే మామా. పడితే ఎత్తుకొచ్చేది ఎవురు? గట్టా?"

తర్వాత నా వైపు తిరిగింది. "మూడు సాళ్లు అంటాండావే, రెండుకి రాదా అప్పా?"

రెండున్నర అని నా నాలుక చివరిదాకా వచ్చింది.

"రాదమ్మా," అన్నాను.

ఆమె గంప దించి, కొడవలి తెచ్చి మొదటి సాలు దగ్గర వంగింది. ముసలాయన కాసేపు అలిగి నిలబడి, తర్వాత కర్ర పక్కన పెట్టి, ఆమె కోసిన కొమ్మలు ఒక్కొక్కటే గంపలో సర్దాడు. ఆ పూట పురుగులకు అదే మేత.

నేల తన మాట చెప్పేశాక నేను ఒక సాలు తగ్గించి ఒప్పుకుంటే, చాలని పిట్ పొంగి కక్కసు మూలపడుతుంది; మళ్లీ గట్టు దాకా నడుస్తూ ఆ తగ్గింపును రోజూ మోయాల్సింది ఆ ముసలి కాళ్లు. కొలత దగ్గర బేరం ఆడకూడదని నాకు తెలిసింది ఆ రోజే.