తప్పేం లేదు తాతా

కోదాడ నుంచి ఒక మేడం ముస్లింల జీవితాల మీద పరిశోధన కోసం వేములపల్లి దగ్గరున్న మా ఊరికి వచ్చేది. మా నాయనను ఏం అడిగినా "తప్పేం లేదు తాతా, చెప్పండి" అనేది. ఆ మాటను నేను క్షమించలేదు.

మేం దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లింలం. మొహర్రంలో పీరీల పండుగకు ఫాతిహా ప్రార్థన చదివేది మా నాయన. అరబ్బీ రాదు. తన తండ్రి నోట విన్నది విన్నట్టు చదివి, చివర "ఊరును సల్లగ సూడు సామీ" అని తెలుగులో ముగించేవాడు.

"తప్పులుంటయేమో బిడ్డా," అని మేడం ముందు జంకాడు.

"తప్పేం లేదు తాతా," అంటూ ఆమె ఫోన్లో రికార్డు చేసుకుంది. మా ఇంట్లో రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద తిని వేళ్లు కూడా నాకింది.

పుస్తకం వచ్చింది. నాయన ఫొటో కింద "ఇతని ఫాతిహాను తప్పులు దిద్ది ఇస్తున్నాం" అని ఉంది. మిర్యాలగూడ బావ దాన్ని నలుగురిలో చదివి, "ఏం మామా, ఇన్నేండ్లు అల్లానే మోసం జేసినవా?" అని నవ్వాడు. నాయన నవ్వలేదు. ఆ ఏడు పీరీల ముందు నోరు తెరవలేదు. మరుసటి పండుగకు మనిషే లేడు.

ఆయన గొంతు కోసం కోదాడ వెళ్లాను.

"ఫోన్ మార్చానండీ, పోయింది. పుస్తకంలో మొత్తం ఉందిగా!" అంది మేడం.

ఈసారి పీరీల ముందు ఆ పుస్తకమే పట్టుకుని చదివాను. నాయన తప్పు ఒక్కటీ లేదు. చివర సామీ కూడా లేడు.