రేకుల ఎల్లాజీ

రేవులో కట్టిన ప్రతి ఓడ తాడుకీ గుండ్రటి రేకు ఉందో లేదో చూడటం ఎల్లాజీ ఉద్యోగం. తాడు పట్టుకుని ఎలుకలు ఒడ్డుకు దిగకుండా ఆ రేకు అడ్డం. ఒక్కో రేకునీ కర్రతో తట్టి, చెవి ఒగ్గి విని, బిగువుగా ఉంటేనే కదులుతాడు. ఊరిబడి ఐదో తరగతితోనే గ్రీకు కెప్టెన్ల చేత రేకులు విప్పించి మళ్లీ కట్టించాడు. ఇరవయ్యారేళ్లలో తన కన్నుగప్పి ఒక్క ఎలుకా ఒడ్డెక్కలేదని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతాడు.

సూరత్ ప్లేగు వార్తలు వస్తున్న తొంభైనాలుగులో, ఒక ఉదయం, రేకుకి ఇవతల గట్టు మీద ఎలుక చచ్చి పడి ఉంది. ఒంటిమీద గాయం లేదు. ముందు కిరసనాయిలు పోసి, దాని బొచ్చులో ప్లేగు మోసే పురుగులు చచ్చాకే పటకారుతో తియ్యాలి. కొత్తవాళ్లకి ఆ పాఠం చెప్పేది అతనే. అయినా పేరు పోతుందన్న కంగారులో, సముద్రంలోకి విసిరేద్దామని తోక పట్టి ఎత్తేశాడు. ముంజేతి మీద పురుగు కుట్టి చురుక్కుమంది. ఎలుకని డబ్బాలో వేసి, రేవు డాక్టరు దగ్గరికి వెళ్లి తానే చెప్పుకున్నాడు. ఆరు రోజులు విడిగదిలో ఉంచారు.

మూడో రోజు భార్య కాసులమ్మ క్యారేజీతో గది ముందు గీసిన సున్నం గీత దాకా వచ్చింది.

"సున్నం గీత దాటకు. ఆడే ఎట్టు."

"నానేటి కెప్టెన్నా, గీతలు గీత్తన్నావు? ఒంట్లో ఎలాగుంది?"

"ఏటీ లేదే."

"మరి ఇరవయ్యారేళ్ల గొప్ప ఒక్కపాలీ సెప్పవేటి?"

ఎల్లాజీ నవ్వబోయాడు. ఆమె వంగి క్యారేజీ దించేలోగా, ప్లేగు బిళ్ల కట్టిందేమోనని అతని చెయ్యి మళ్లీ చంకలోకి పోయింది. తలెత్తిన కాసులమ్మ ఆ చెయ్యిని చూసింది. రెండడుగులు వెనక్కి వేసి, ఇక గీత దగ్గరికి రాలేదు.