బొటనవేలిలో గాలం

ఆ వాన సాయంత్రం ఫిలింనగర్ బస్టాపులో నా పక్కన నిలువునా తడిసిన ఒకామె కూర్చుంది. చేతికి చుట్టుకున్న చెంగు విప్పింది. బొటనవేలి కండలో చేపల గాలం దిగబడి ఉంది.

"మంజీర మీద చేపల పోటీ అక్కా. వరదల కాలు జారి నాకే గుచ్చుకున్నది. చోటు విడిస్తే పోటీల కెల్లి తీసేస్తరు. గందుకే గిట్లనే పొద్దుమీకే దాంక పట్టిన."

"ముందు ఆస్పత్రికి వెళ్ళమ్మా!"

"గాడ పెద్ద కట్టు కడతరు. రేపు ఆఖరి రోజు, కట్టుతోని గాలమెట్ల పట్టాలె?" అంటూ సంచిలోంచి కటింగ్ ప్లేయరు తీసింది. "దీనికి ఎదురు ముల్లుంటది, ఎనక్కి రాదు. నేను ముందుకు నూకుత. ముల్లు బయటపడంగనే నువ్వు కత్తిరించు."

"నేనా? మా ఇంట్లో చేప పేరే ఎత్తరు!"

"గిది చేప కాదక్కా, నా వేలే. నీకు మైలేం అంటదు."

ఆమె నూకింది. చర్మం ఉబ్బి చిట్లి, మొన బయటికొచ్చింది. అరిచింది ఆమె కాదు, నేను. స్వామిని తలచుకుని కత్తిరించాను. మిగిలిన ముక్క ఆమే లాగేసి, వేలు వంచి చూసుకుని, "వంగుతున్నదక్కా!" అని నవ్వింది. ఇంతలో బస్సు రావడంతో ఎక్కి వెళ్ళిపోయింది.

మర్నాడూ వాన వదలలేదు. దీపం పెట్టి, గురి తప్పకుండా కత్తిరించగలిగినందుకు స్వామికి దండం పెట్టుకున్నాను. ఆ వెంటనే, "ఆమెకు పెద్ద చేప పడేలా చూడు తండ్రీ" అని పైకే అనేశాను.

వంటింట్లోంచి మా అత్తగారు గరిటెతో సహా బయటికి వచ్చారు.