ఎనిమిది మూలల పసుపు

పక్కింటి చైనా అంకుల్ పోయారని మొన్న వాళ్ళమ్మాయి మా తలుపు తట్టి చెప్పింది. సారీ అన్నాను. అంతకుమించి అనడానికి మొహం చెల్లలేదు. ఏడాదిగా ఆయన చెయ్యి ఊపినా చూడనట్టు కారెక్కేవాణ్ణి.

అమెరికాలో, ఈ హారిసన్ ఊళ్ళో మా గృహప్రవేశానికి ఆయన రెండు కాగితపు చుట్టలు తెచ్చారు. విప్పితే ఆయన కుంచెతో రాసిన చైనా అక్షరాలు, చుట్టూ పట్టు అంచు. ఊరికే ఎవరైనా ఇంత ఇస్తారా? ఫెన్స్ మా స్థలంలోకి జరుపుతారేమోనని నా అనుమానం. అర్థం అడిగితే "మంచి పొరుగు, మంచి నిద్ర" అని నవ్వారు. కొత్త వస్తువు కదా అని మా ఆవిడ రెండింటినీ గోడకి తగిలించి, పట్టు అంచుకి నాలుగు మూలలా పసుపు రాసి కుంకుమ పెట్టేసింది. వచ్చినప్పుడల్లా ఆయన ఆ బొట్ల వంకే చూసేవారు. తప్పు పడుతున్నారనుకున్నాను.

మా చెత్త బిన్లు కూడా ఆయనే లోపలికి తెచ్చిపెట్టేవారు. వాటిలో ఏముందో చూస్తున్నారనుకునేవాణ్ణి. నా బుద్ధి అలాంటిది.

కిందటేడు పైకప్పు కారి ఆ రెండూ తడిసి ఉబ్బాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పాత కాగితాలు బాగుచేసిన మనిషి, తనే తన గరాజ్‌లోకి పట్టుకెళ్ళి పని మొదలుపెట్టారు. మూడు నెలలైనా ఒకటే మాట: "జిగురు ఆరాలి. తొందరపడితే కాగితం ముడుచుకుంటుంది."

తిరిగొచ్చినవి తళతళలాడుతున్నాయి. మా ఆవిడ గొంతు తగ్గించింది. "పసుపేదండీ? అసలువి అట్టేపెట్టుకుని డూప్లికేట్లు ఇచ్చారేమో!"

నాకూ అదే తోచింది. ఆయన్ని ఒక్క మాట అడగాల్సింది. అడక్కుండా మాట్లాడటం మానేశాను. ఆయన వండి తెచ్చిన డంప్లింగ్స్, ఆ ఆవిరి కుడుముల్లాంటివి, కూడా వద్దన్నాను.

మొన్న తలుపు తట్టినప్పుడు వాళ్ళమ్మాయి చేతిలో ఒక కవరుంది. లోపల ఎనిమిది పాత పట్టు ముక్కలు, ఒక్కోదాని మీదా పసుపూ కుంకుమా.

"బాగుచేసేటప్పుడు అంచు కొత్తది వేస్తారు, పాతది పారేస్తారు. వీటిని మాత్రం డాడ్ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు" అంది ఇంగ్లీషులో.

కవరు మీద ఆయన చేతిరాత: "పొరుగువాళ్ళ దీవెన. కొత్త అంచుకి మళ్ళీ పెట్టమని అడగాలి."

అడగడానికే చెయ్యి ఊపేవారేమో. సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ అమ్మాయికి క్షమాపణ చెబితే, దేనికో ఆమెకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడ పసుపు తడిపి గిన్నె నాకిచ్చింది. ఎనిమిది మూలలకూ నేనే పెట్టాను. కిటికీలోంచి చూస్తే ఆయన గరాజ్ తలుపు మూసి ఉంది. వేలికంటిన పసుపు ఇంకా పోలేదు.